హాకీ లీగ్ జట్టు గోల్‌పోస్టుకు ముందుచూపు: విదేశీ అనుభవమా, మన జూనియరా?

ప్రశ్న: కావలి డ్రిల్లు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా పిల్లల్లో హాకీ కర్ర పట్టేవాళ్లు కొద్దిమందే. అయినా హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైన దగ్గర నుంచి వాళ్లు హైదరాబాద్ తూఫాన్స్ మ్యాచ్‌లను వదలకుండా చూస్తున్నారు, వాళ్లతో పాటు నేనూ చూస్తున్నాను. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్‌లో తూఫాన్స్ 4-3 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయినప్పుడు పిల్లల వాదనంతా బెంగాల్ తరఫున జుగ్‌రాజ్ సింగ్ కొట్టిన మూడు గోల్స్ చుట్టూనే తిరిగింది. నన్ను మాత్రం వేరొక ప్రశ్న వదలడం లేదు. ఇలాంటి జట్టు తన గోల్‌పోస్టు గురించి వచ్చే నాలుగైదేళ్లకు ఏ పద్ధతిలో ఆలోచించాలి?

ప్రశ్న స్పష్టంగా ఉండేందుకు కొన్ని వివరాలు చెబుతాను. 2024 అక్టోబరు వేలం నాటి నిబంధనల ప్రకారం ఒక్కో పురుషుల జట్టు దగ్గర నాలుగు కోట్ల రూపాయలు ఉండేవి. జట్టులో 24 మంది ఉండాలి. వారిలో కనీసం 16 మంది భారతీయులు, ఆ 16 మందిలో నలుగురు జూనియర్లు తప్పనిసరి, విదేశీయులు 8 మంది. ఆ వేలంలో తమిళనాడు డ్రాగన్స్ ఐర్లండ్‌కు చెందిన గోల్‌కీపర్ డేవిడ్ హార్ట్‌ను 32 లక్షలకు తీసుకుంది, అప్పటికి అతని వయసు 36 ఏళ్లు. తూఫాన్స్ 27 లక్షలు పెట్టి జర్మనీకి చెందిన గోల్‌కీపర్ జాన్ పాల్ డానెబర్గ్‌ను తీసుకుంది, అతనికి అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. అదే తూఫాన్స్ పెనాల్టీ కార్నర్లు (ఎదుటి జట్టు తప్పు చేసినప్పుడు గోల్ మీదికి దక్కే అవకాశాలు) కొట్టే గొంజాలో పెయిలాట్‌కు 68 లక్షలు ఇచ్చింది. అంటే గోల్ కొట్టేవాడి విలువలో సగం కూడా గోల్ ఆపేవాడికి దక్కలేదు. ఇది సబబేనా అన్నది వేరే చర్చ కాబట్టి దాని జోలికి పోను.

విదేశీ గోల్‌కీపర్ వస్తే ఉన్న ఎనిమిది స్థానాల్లో ఒకటి పోతుంది. అతను కొద్ది వారాలు ఆడి తన దేశానికి వెళ్లిపోతాడు, జట్టులో మిగిలేది ఏమీ ఉండదు. అలాగని అనుభవం లేని జూనియర్‌ను నిలబెడితే ఒక్క పొరపాటు చాలు, సెమీఫైనల్ చేజారిపోతుంది. ముందు వరుస ఆటగాడు పది తప్పులు చేసినా ఎవరికీ గుర్తుండవు, గోల్‌కీపర్ చేసిన ఒక్క తప్పు మాత్రం స్కోరుబోర్డు మీద నిలిచిపోతుంది. మీరే ఆ జట్టు నిర్వాహకులైతే ఈ లెక్కను ఎలా సరిచేస్తారు? ఆట తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు: పెన్నాతీరం, నెల్లూరు

మాస్టారూ, మంచి విషయం ఎత్తారు. మన దగ్గర గోల్‌కీపర్ గురించి మాట్లాడుకునేది గోల్ పడినప్పుడూ, షూటౌట్ (స్కోరు సమమైతే ఒక్కో ఆటగాడు గోల్‌కీపర్‌తో తలపడే పోటీ) వచ్చినప్పుడూ మాత్రమే.

విదేశీయుడా, జూనియరా అని రెండిట్లో ఒకటి ఎంచుకోవడం దగ్గరే జట్లు దారి తప్పుతాయని నా అభిప్రాయం. జట్టు జాబితాలో ఎవరి పేరు ఉందన్నది ముఖ్యం కాదు, ఎవరు ఎన్ని నిమిషాలు గోల్‌లో నిలబడ్డారన్నదే ముఖ్యం. దీనికి భారత జట్టే ఉదాహరణ. గోల్‌కీపర్ పి.ఆర్.శ్రీజేష్ సీనియర్ జట్టులోకి వచ్చింది 2006లో. ఆ తరువాత ఏళ్ల పాటు అతను ఏడ్రియన్ డిసౌజా, భరత్ ఛెత్రి వంటి వారి వెనుక నిరీక్షించాడు. 2011లో చైనాలోని ఓర్డోస్‌లో పాకిస్థాన్‌తో జరిగిన ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ నాటికి గానీ సామాన్య అభిమానికి ఆ పేరు పరిచయం కాలేదు. గోల్‌కీపర్ ఎంత నిదానంగా తయారవుతాడో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇరవై ఏళ్ల ఫార్వర్డ్‌ను చూసి వీడు పనికొస్తాడా లేదా అని చెప్పవచ్చు, అదే వయసు గోల్‌కీపర్‌ను చూసి అలా చెప్పడం ఎవరికైనా కష్టం.

శ్రీజేష్ తరువాత ఏమైందో చూడండి. కృషన్ బహదూర్ పాఠక్ 2018లో సీనియర్ జట్టులోకి వచ్చాడు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఎన్నో మ్యాచ్‌లలో ఇద్దరికీ చెరో రెండు క్వార్టర్లు (పదిహేను నిమిషాల పావు ఆటలు) ఇస్తూ వచ్చారు. ఒలింపిక్స్ జాబితాలో పదహారు మందికే చోటు కాబట్టి పారిస్‌లో శ్రీజేష్ ఒక్కడే ఆడాడు, పాఠక్ అదనపు ఆటగాడిగా ఉండిపోయాడు. అయినా 2024 ఆగస్టు 8న స్పెయిన్‌ను 2-1తో ఓడించి కాంస్యం అందుకుని శ్రీజేష్ తప్పుకున్నప్పుడు గోల్‌పోస్టు దిక్కులేనిది కాలేదు. సరిగ్గా ఏడాది దాటాక రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా కప్‌కు పాఠక్, సూరజ్ కర్కేరా గోల్‌కీపర్లుగా వెళ్లారు, ఫైనల్‌లో మనవాళ్లు దక్షిణ కొరియాను 4-1తో ఓడించారు. దానితో 2026 ప్రపంచ కప్‌లో చోటు కూడా ఖాయమైంది. అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరికే ఫలితం కాదిది. మన డెల్టా రైతు భాషలో చెప్పాలంటే, నారు పోయకుండా నాట్లకు మనుషులను పిలిచే పని వాళ్లు చేయలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. మన తెలుగమ్మాయి, ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన రజని ఎతిమరపు ఏళ్ల తరబడి మహిళల జట్టులో సవిత పునియా వెనుక రెండో గోల్‌కీపర్‌గానే ఉండిపోయింది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ (జట్టుకు అయిదుగురే ఆడే హాకీ) ప్రపంచ కప్‌లో ఆమె నాయకత్వంలోనే భారత జట్టు రజతం గెలిచింది. అంటే సామర్థ్యానికి లోటు లేదు, లోటంతా పెద్ద మ్యాచ్‌లలో దక్కిన నిమిషాల్లోనే. రెండో స్థానంలో ఉన్నవారికి ఆట ఇవ్వకపోతే వారసత్వం అనే మాటకు అర్థం ఉండదు.

కాబట్టి నేనే నిర్వాహకుడినైతే డానెబర్గ్ వంటి యువ విదేశీయుడిని తీసుకుంటాను. అతనితో పాటు నలుగురు జూనియర్లలో ఒకరు తప్పనిసరిగా గోల్‌కీపర్ అయ్యేలా చూస్తాను. లీగ్ దశ మ్యాచ్‌లలో రెండు క్వార్టర్లు ఆ కుర్రవాడికే ఇవ్వాలని కోచ్‌తో ముందే మాట తీసుకుంటాను. రెండో ఏడాది ఆ నిమిషాలు పెరగాలి, మూడో ఏడాదికి ఆ విదేశీ స్థానం వేరే ఆటగాడికి ఖాళీ కావాలి.

జవాబు: కందుకూరు నుంచి నాష్‌విల్ వరకు

నేను కందుకూరులో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా అమెరికాలోని నాష్‌విల్‌లో ఉంటున్నాను. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడే ఆటే. ఆట వేరైనా మాస్టారు అడిగిన ప్రశ్న మీద ఇక్కడి జట్లు దశాబ్దాలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నాయి, అందుకే రాస్తున్నాను.

ఇక్కడి ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్‌లో జట్లు ఏటా కుర్ర ఆటగాళ్లను వంతులవారీగా, రౌండ్ల లెక్కన ఎంచుకుంటాయి. అలా మా ఊరి జట్టు ప్రెడేటర్స్ 2004లో ఫిన్లండ్‌కు చెందిన పెక్కా రిన్నేను ఎనిమిదో రౌండులో, 258వ ఆటగాడిగా ఎంచుకుంది. అంత వెనుక ఎంపికైన వాడు ఆ లీగ్‌లో ఉత్తమ గోలీకి, అంటే గోల్‌కీపర్‌కు, ఇచ్చే వెజినా ట్రోఫీని 2018లో అందుకున్నాడు, 2021లో రిటైరయ్యే దాకా ఇదే జట్టుకు ఆడాడు. అతను ఇంకా మంచి ఊపులో ఉండగానే, 2013లో, జట్టు మరో ఫిన్లండ్ కుర్రవాడు యూసె సారోస్‌ను నాలుగో రౌండులో తీసుకుంది. సారోస్ చాలాకాలం రిన్నే వెనుక రెండోవాడిగా ఆడి, నిమిషాలు పెంచుకుంటూ వచ్చి, చివరికి అతని చోట నిలబడ్డాడు. పెన్నాతీరం గారు చెప్పిన పద్ధతి ఇదే.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. 2020లో అదే జట్టు యారొస్లావ్ అస్కరోవ్ అనే రష్యా గోలీని మొదటి రౌండులోనే, 11వ స్థానంలో ఎంచుకుంది. సారోస్ తరువాత ఇతనే అని అందరం అనుకున్నాం. సారోస్ తగ్గలేదు. 2024 జులైలో జట్టు అతనితో ఏడాదికి 77.4 లక్షల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఇక తనకు దారి లేదని గ్రహించిన అస్కరోవ్ వేరే జట్టుకు పంపమని అడిగాడు, ఆగస్టులోనే శాన్ హోసే జట్టుకు వెళ్లిపోయాడు. వారసుడిని ముందే సిద్ధం చేసుకోవడం తెలివైన పనే. అయితే గోల్‌లో నిలబడేది ఒక్కరే కాబట్టి, సిద్ధమైన వారసుడు ఎంతోకాలం ఆగడు. ఎదురుచూడమని చెప్పడానికీ ఒక గడువు ఉండాలి.

దీర్ఘకాలిక ఒప్పందాల మాట కూడా చెప్పాలి. న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు 2000లో మొత్తం ఎంపికల్లోనే మొదటివాడిగా రిక్ డిపియెట్రో అనే గోలీని తీసుకుంది, 2006లో అతనితో పదిహేనేళ్లకు 6.75 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అతని శరీరం సహకరించలేదు. 2013లో ఒప్పందం రద్దు చేసుకున్నారు. దాని కింద ఏటా 15 లక్షల డాలర్ల చొప్పున 2029 దాకా అతనికి ముడుతూనే ఉంటుంది. మాంట్రియల్ జట్టు 2017లో కేరీ ప్రైస్‌తో ఎనిమిదేళ్లకు 8.4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2021లో అతను జట్టును ఫైనల్ దాకా తీసుకువెళ్లాడు, మోకాలి గాయం వల్ల ఆ మరుసటి సీజన్‌లో అయిదు మ్యాచ్‌లకు మించి ఆడలేకపోయాడు. గోలీ ఎంత గొప్పవాడైనా అతని మోకాళ్లూ తుంటి కీళ్లూ ఎన్నాళ్లు నిలుస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ లెక్కన 36 ఏళ్ల ఆటగాడికి ఒక సీజన్ కోసం 32 లక్షలు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. వయసు తెలిసే కొన్నారు, ఆటను చూసి ఆ ఏడాదికి కొన్నారు. తప్పు జరిగేది అదే ఆటగాడి మీద నాలుగేళ్ల ఆశ పెట్టుకున్నప్పుడే.

మరొక తేడా ఉంది. ఇక్కడ ఒక్కో జట్టు సీజన్‌కు ఎనభైకి పైగా మ్యాచ్‌లు ఆడుతుంది, రెండో గోలీకి ఎలాగూ ఆట దొరుకుతుంది. మీ లీగ్ కొద్ది వారాల్లో ముగిసిపోతుంది. కాబట్టి కుర్రవాడిని తయారుచేసే పని లీగ్ జరగని మిగతా నెలల్లోనే ఎక్కువగా సాగాలి. తూఫాన్స్ లాంటి జట్టు ఏడాది పొడవునా ఒక గోల్‌కీపింగ్ శిక్షకుడిని ఉంచుకోగలదా, లేదా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. 27 లక్షలు ఎవరికి ఇవ్వాలన్నది దాని తరువాతిది.

జవాబు: ఒంగోలు గోలీ

నేను విశ్వవిద్యాలయ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడినవాడిని. పై ఇద్దరి మాటల్లో చాలావాటితో ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో మాత్రం పెన్నాతీరం గారితో విభేదిస్తాను. లీగ్ మ్యాచ్‌లలో గోల్‌కీపర్‌ను క్వార్టర్ క్వార్టర్‌కూ మార్చడం జాతీయ జట్టుకు కుదిరినంత తేలికగా క్లబ్బు జట్టుకు కుదరదు.

పెనాల్టీ కార్నర్ దగ్గర ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే నా మాట అర్థమవుతుంది. గోల్ 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తు ఉంటుంది. గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు గోల్ గీత వెనుక నిలబడతారు. బంతి లోపలికి రాగానే మొదటి రషర్ (గీత నుంచి అందరికన్నా ముందు దూసుకెళ్లే డిఫెండర్) నేరుగా ఫ్లికర్, అంటే బంతి కొట్టేవాడి మీదికి పరుగెత్తి ఒక వైపు దారి మూస్తాడు, అతను మూసిన వైపు వదిలి రెండో వైపు గోల్‌కీపర్ చూసుకోవాలి. ఎవరు ఏ వైపు అన్నది ఆ ఇద్దరి మధ్య కుదిరిన లెక్క. మామూలుగా కొట్టిన మొదటి షాట్ గోల్ పలక ఎత్తు, అంటే 460 మిల్లీమీటర్లు దాటకూడదు. బంతిని కర్రతో లాగి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ పరిమితి లేదు, పై మూలకైనా వెళ్లవచ్చు. కనుక గోల్‌కీపర్ రెప్పపాటులో నిర్ణయించుకోవాలి, ఆ నిర్ణయం రషర్ మీద నమ్మకంతోనే తీసుకుంటాడు. పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్‌లో అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగిలిన పదిమందితోనే మ్యాచ్‌ను 1-1 దగ్గర నిలిపి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. అయితే నిషేధం వల్ల రోహిదాస్ జర్మనీతో సెమీఫైనల్ ఆడలేదు. మన మొదటి రషర్ అతనే. ఆ మ్యాచ్‌లో జర్మనీ తొలి గోల్ పెనాల్టీ కార్నర్ నుంచి వచ్చింది, కొట్టింది పైన మాస్టారు చెప్పిన పెయిలాటే. చివరికి 3-2తో ఓడాం. రషర్ మారితేనే ఇంత తేడా పడే అవకాశం ఉన్నప్పుడు, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి కొద్ది రోజులే కలిసి సాధన చేసిన జట్టులో పదిహేను నిమిషాలకొకసారి గోల్‌కీపర్‌ను మారిస్తే ఆ ముడి ఎప్పటికీ బిగుసుకోదు.

నా సూచన ఏమిటంటే, క్వార్టర్లు కాదు, మొత్తం మ్యాచ్‌లనే పంచండి. ఏ మ్యాచ్ ఎవరిదో టోర్నీకి ముందే చెప్పేయండి. జూనియర్‌కు ఇచ్చిన మ్యాచ్‌లో అతను మూడు గోల్స్ ఇచ్చినా బయటకు పిలవకండి. మధ్యలో పిలిస్తే, తప్పు చేస్తే తీసేస్తారన్న ఒక్క పాఠమే అతను నేర్చుకుంటాడు. అలా నేర్చుకున్నవాడు ఇక ముందుకు రాడు, గీతకు అతుక్కుపోతాడు.

మార్చవలసిన సందర్భం ఒక్కటుంది, అది షూటౌట్. 2023 జనవరిలో భువనేశ్వర్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో జర్మనీకి మ్యాచ్ అంతా అలెగ్జాండర్ స్టాడ్లర్ గోల్ కాశాడు. 3-3 దగ్గర షూటౌట్‌కు వెళ్లగానే అతన్ని తప్పించి ఇరవై ఏళ్ల డానెబర్గ్‌ను దించారు, జర్మనీ 5-4తో బెల్జియంను ఓడించి కప్పు గెలిచింది. మరుసటి ఏడాది పారిస్‌లో అదే డానెబర్గ్ ప్రధాన గోల్‌కీపర్‌గా రజత పతకం అందుకున్నాడు. కుర్రవాడిని తయారుచేయడానికి ఇంతకన్నా తెలివైన దారి నేను చూడలేదు. షూటౌట్‌లో ఆటగాడికి 23 మీటర్ల గీత నుంచి ఎనిమిది సెకన్లే ఉంటాయి. జట్టు అమరికతో, రషర్‌తో దానికి సంబంధం లేదు, ఇద్దరి మధ్య పోరు అది. కుర్రవాడికి కావలసిన ధైర్యం సహజంగానే ఉంటుంది, లేనిది అనుభవం ఒక్కటే. అనుభవం తక్కువ అవసరమయ్యే చోట ముందు నిలబెట్టి, ఆ తరువాత మొత్తం ఆటను అప్పగించారు.

మన జూనియర్లలోనూ ఇలాంటివాళ్లు ఉన్నారు. 2025 డిసెంబరులో, నెల్లూరు నుంచి రైలెక్కితే మూడు గంటల్లో చేరుకునే చెన్నైలో, జూనియర్ ప్రపంచ కప్ క్వార్టర్‌ఫైనల్ 2-2తో ముగిశాక ప్రిన్స్‌దీప్ సింగ్ షూటౌట్‌లో బెల్జియంను నిలువరించాడు, మనవాళ్లు 4-3తో గట్టెక్కారు, తరువాత కాంస్యం కూడా గెలిచారు. ఆ జట్టు కోచ్ ఎవరో వేరే చెప్పాలా, శ్రీజేష్. లీగ్ జట్ల నిర్వాహకులు వేలం బల్ల దగ్గర కూర్చునే ముందు ఆ షూటౌట్ వీడియోను ఒకసారి చూస్తే మంచిది.

కావలి డ్రిల్లు మాస్టారు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒంగోలు గోలీ గారు చెప్పిన మ్యాచ్‌ల పంపకం, షూటౌట్‌కు కుర్రవాడు అన్న రెండు మాటలూ నాకు నచ్చాయి. నాష్‌విల్ మిత్రులు అన్న గడువు సంగతి నేను ఆలోచించనిది. జూనియర్‌కు రెండు సీజన్లలో ప్రధాన స్థానం ఇవ్వలేమని తేలితే, అతన్ని మరో జట్టుకు పోనివ్వడమే ధర్మం.

ఇక నా సొంత గోడు ఒకటి. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు, పొడగరి, బంతికి భయపడడు. వాడిని ఇప్పుడే గోల్‌కీపర్‌గా స్థిరపరచవచ్చా, లేక మరో రెండేళ్లు మైదానంలో ఆడనివ్వాలా? మాది ఎర్రమట్టి మైదానం, ఉన్న ప్యాడ్లు వాడి మోకాళ్ల పైదాకా వస్తాయి.

ఒంగోలు గోలీ

మాస్టారూ, శ్రీజేష్ కూడా తిరువనంతపురంలోని జి.వి.రాజా క్రీడా పాఠశాలలో చేరాక, కోచ్ సలహా మీదనే గోల్‌కీపింగ్‌లోకి వచ్చాడు. కిట్టు కొనడానికి వాళ్ల నాన్న ఇంట్లో ఆవును అమ్మారన్న సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. కాబట్టి తొమ్మిదో తరగతి తొందరేమీ కాదు. వారంలో సగం రోజులు మాత్రం వాడిని ఫుల్‌బ్యాక్‌గా (వెనుక వరుస డిఫెండర్‌గా) ఆడించండి. కర్ర పట్టు, ఎదుటివాడి కదలిక చదవడం అక్కడే వస్తాయి.

మట్టి మీద స్లైడింగ్ వద్దు, తొడల చర్మం లేచిపోతుంది, ఒకసారి అలా జరిగితే వాడు మళ్లీ పడుకోవడానికి జంకుతాడు. దాని బదులు నిలుచునే తీరు, కోణం మూయడం, కాలితో బంతిని పక్కకు తన్నడం చేయించండి. బంతిని గోల్ ముందుకు కాకుండా పక్క గీత వైపు పంపడం అలవాటైతే సగం పని అయినట్లే. గోడకు టెన్నిస్ బంతి కొట్టి అరచేతితో ఆపించడానికి ఖర్చేమీ లేదు. సెలవుల్లో వీలైతే కాకినాడ తీసుకువెళ్లి అక్కడి టర్ఫ్ మీద కొన్నాళ్లు ఆడించండి, బంతి వేగం అక్కడే తెలుస్తుంది.

ప్యాడ్ల విషయంలో మాత్రం రాజీపడకండి. మోకాలు బాగా దాటిన ప్యాడ్‌తో పిల్లవాడు వంగలేడు, వంగకపోతే బరువు మడమల మీదికి పోతుంది, ఆ అలవాటు తరువాత ఎంత చెప్పినా పోదు. నా దగ్గర కాలేజీ నాటి చిన్న సైజు ప్యాడ్లు, కిక్కర్లు (బూట్ల మీద కట్టుకునే రక్షణ) ఒక జత ఉన్నాయి. పట్టీలు మార్చుకుంటే చాలు, నురుగు ఇంకా గట్టిగానే ఉంది. వాడి మోకాలి నుంచి పాదం దాకా కొలత రాయండి, సరిపోతే ఒంగోలు నుంచి కావలి బస్సులో పంపిస్తాను. హెల్మెట్, గొంతు రక్షణ మాత్రం పాతవి వద్దు, కొత్తవే కొనండి.